బండ్లు లేని పల్లె

వాన వెలిసినా కొండ ఇంకా నీళ్ళు కారుతూనే ఉంది. వంపు దగ్గర పొడుచుకొచ్చిన బండమీద నిలబడి దానమ్మ రెండు వైపులా చూసింది. కింద, ఏటవాలు మొదట్లో, మిరపకాయల గోతాలతో కొన్ని బండ్లు ఎక్కడానికి కాచుకుని ఉన్నాయి. పైన, రాతిగుంజ పక్కన, కనిగిరి వైపునుంచి వచ్చిన ఉప్పుబండి దిగడానికి సిద్ధంగా ఉంది. చేతిలోని ఎర్రగుడ్డను కిందివాళ్ళకు కనబడేలా చాచి గొంతెత్తి అరిచింది.

"దిగే బండీ! ఎక్కే బండ్లు ఆగాల!"

బోడికనుమలో తిరిగే బండివాళ్ళలో ఆ గొంతు తెలియనివాడు లేడు. గిద్దలూరు, కొమరోలు వైపునుంచి మిరపకాయలూ పసుపూ వెదుళ్ళూ, కనిగిరి వైపునుంచి ఉప్పూ ఎండుచేపలూ చింతపండూ ఆ కనుమ మీదుగానే పోవాలి. కనుమ నెత్తిన ఒక హద్దురాయి ఉంది. రాయికి అటు ఒక జిల్లా, ఇటు ఒక జిల్లా. తూర్పువాలు మెత్తన. పడమటివాలు మాత్రం ఇంటిగోడకు ఆనించిన నిచ్చెనలా ఉంటుంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, నడుమ ఒక్క బండి పట్టేంత దారి. ఆ దారికి సగంలో మడిచిన మోచెయ్యిలాంటి వంపు. ఎదురెదురుగా రెండు బండ్లు అక్కడ కలిశాయంటే వెనక్కు తిప్పుకునే చోటు లేదు. అందుకని వంపు దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. దిగే బండిని మోకుతో కట్టి వెనక్కు పట్టి ఉంచాలి. వానకు కొట్టుకుపోయిన రాళ్ళను మళ్ళీ తెచ్చి పేర్చాలి. పొద్దుగూకితే లాంతరు వెలిగించాలి. ఇదంతా కనుమ నెత్తినున్న పల్లెవాళ్ళ పని. కూలి లేదు, వెట్టి. కళ్ళాల రోజుల్లో ఊరి మునసబు మాలకొండయ్య గంపెడు జొన్నలు ఇప్పిస్తాడు. ఆ పల్లెలో ఒక్క ఇంటికి కూడా బండి లేదు.

దానమ్మ మొగుడు విశ్వాసం మోకు కొసను ఉప్పుబండి ఇరుసుకు ముడివేసి, ఆ ముడిని కాలితో తన్ని చూశాడు. మోకును రాతిగుంజకు చుట్టి, మిగిలిన కొసను ఏబేలూ ఇంకో ఇద్దరూ పట్టుకున్నారు. ఏబేలు విశ్వాసానికి తమ్ముడు. కరువులో ఇల్లు విడిచి, మద్రాసు రేవులో ఓడెక్కి, పొగ ఓడల కొలుముల్లో బొగ్గు వేసి, పెద్ద యుద్ధం ముగిసిన చాన్నాళ్ళకు తిరిగొచ్చినవాడు.

"మోకు తడిసి బరువెక్కిందన్నా," అని పైనుంచి కేక వేశాడు.

"నిదానంగా వదులు," అన్నాడు విశ్వాసం. అతను చక్రం పక్కనే నడుస్తున్నాడు, చేతిలో తుమ్మమొద్దు. బండి జారితే చక్రం కింద తోయడానికి. బండి ఆసామి వెంకటస్వామి ఎద్దులకు ఎదురుగా, వాటి ముకుతాళ్ళు పట్టుకుని వెనక్కు నడుస్తున్నాడు. రాతిగుంజ మీద మోకు రాసుకుంటున్న చప్పుడు, ఎద్దుల ఊపిరి, చక్రం కింద గులకరాళ్ళు నలుగుతున్న చప్పుడు. దానమ్మకు ఆ చప్పుళ్ళన్నీ వంటింటి చప్పుళ్ళంత అలవాటు.

మోకు తెగిన చప్పుడు పెద్దదేమీ కాదు. పాత చీర చినిగినట్టు వినిపించింది, అంతే. బండి ఒక్కసారి ముందుకు తూలింది. ఎద్దులు కాడి కింద మెడలు వంచి మోకాళ్ళమీద కూలాయి. వెంకటస్వామి వాటిని విడిచిపెట్టి కొండకు అతుక్కుపోగలిగేవాడే, కానీ విడవలేదు. విశ్వాసం తుమ్మమొద్దును చక్రం కిందికి తోశాడు. మొద్దు తడిరాతి మీద జారింది. రెండోసారి పాదంతో తన్నిపెట్టాడు. చక్రం మొద్దు మీదికెక్కింది. మొద్దు మీద విశ్వాసం పాదం ఉంది. బండి ఆగింది.

దానమ్మ బండమీదినుంచి దూకి పరుగెత్తింది. కానీ పరుగెత్తుతూ కూడా ఎర్రగుడ్డను తలమీదికెత్తి పట్టుకునే ఉంది.

అందరూ కలిసి చక్రాన్ని ఎత్తి విశ్వాసాన్ని బయటికి లాగారు. పాదం ఉన్న చోటు చూడలేకపోయారు. అతను అరవలేదు, పళ్ళు బిగబట్టి కొండవైపు చూస్తున్నాడు. ఇంతలో పైనున్న కనిగిరి బండివాళ్ళకూ కిందినుంచి ఎక్కివచ్చిన గిద్దలూరు బండివాళ్ళకూ మాటలు మొదలయ్యాయి.

"నిలువు వాలు మీ పక్కన ఉంది. మోకు మీరే తేవాల," అని కనిగిరివాళ్ళు.

"దిగే బరువు మీది. ఉప్పు లాభం మేం తింటామా ఏంది, మోకు మేం తెచ్చేదానికి?" అని గిద్దలూరువాళ్ళు.

"నోర్లు మూయండి!" అన్నాడు వెంకటస్వామి. అంటూనే తన బండిలోని ఉప్పుబస్తాలను ఒక్కొక్కటీ దారిపక్కకు దొర్లించసాగాడు.

"వానొస్తే కరిగిపోద్ది బావా," అన్నాడు అతని వెంట వచ్చినవాడు.

"కరిగితే కరగనీ. మనిషిని ఎక్కించండి."

ఖాళీ అయిన బండికి అడుగడుగునా రాళ్ళు అడ్డం పెట్టుకుంటూ, నలుగురు వెనకనుంచి చేతులతోనే పట్టి దించారు. ఏబేలు అన్న తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గిద్దలూరులో ఆసుపత్రి ఉంది. దానమ్మ బండి అంచు పట్టుకుని కిందిదాకా నడిచింది. అక్కడ ఆగిపోయింది. పైన ఇంకా బండ్లున్నాయి, కిందా ఉన్నాయి, చీకటి పడేలా ఉంది. తెలియని బండివాడు ఎవడైనా వచ్చి వంపులోకి తోలుకుపోతే? మొగుడి నుదుటిమీద చెయ్యి పెట్టింది, తీసింది. బండి సాగిపోయింది. ఆమె వెనక్కు తిరిగి కొండ ఎక్కి లాంతరు వెలిగించింది.

*

తెల్లవారి పొద్దెక్కాక మాలకొండయ్య తట్టు గుర్రం మీద వచ్చాడు. ఆయన ఊరు కనుమకు తూర్పున, పల్లెకు దగ్గరే. చెడ్డవాడని ఎవరూ అనరు. జబ్బుపడితే గంజికి నూకలు పంపించేవాడు. కాకపోతే ఆయన పుట్టకముందునుంచీ ఉన్నదేదైనా ఆయనకు న్యాయంగానే కనబడేది.

"విశ్వాసానికి ఎట్లుంది?" అని రాతిగుంజ దగ్గరున్న దానమ్మను అడిగాడు.

"ఇంకా కబురు రాలేదయ్యా."

"దేవుడున్నాడులే. అది సరే, బండ్లు ఆగిపోయినాయంట ఏంది?"

"మోకు తెగిందయ్యా."

"ముడేసుకోండి."

"గుంజ కాడ ముడి తట్టుకుంటాది. తట్టుకుని జారిందంటే బండి ఎగిరి లోయలో పడతాది."

"కొత్తది పేనండి. కిత్తనార మొక్కలు కొండ నిండా ఉండాయి గదా."

"నార తీసి నానేయాల, కొట్టాల, ఎండేయాల, పేనాల. అన్నాళ్ళు మేం కూలికి పోకుంటే మాకు తిండేదయ్యా?"

"మీ తాతలు ఎప్పుడన్నా అడిగినారా ఈ మాట?"

"అడగలేదయ్యా. మా మామ కూడా అడగలేదు. ఈ లోయలోనే పడి పోయినాడు."

మాలకొండయ్య తట్టు మెడ నిమిరాడు. దానమ్మ దారిపక్కన పడివున్న పొడుగాటి వెదురుబొంగును లాక్కొచ్చి, ఒక కొసను కొండపగులులో దోపి, రెండో కొసను రాతిగుంజ మీద పెట్టింది. దారి మూసుకుపోయింది.

"కొత్త మోకు వచ్చేదాకా ఏ బండీ దిగదు, ఎక్కదు," అంది.

"నా కనుమకే అడ్డం కడతావా?"

"మనిషి సావకుండా కడతాండానయ్యా."

మాలకొండయ్య తట్టు కళ్ళెం బిగించాడు. "ఎల్లుండి పొద్దున వస్తా. అప్పటికి బొంగు అక్కడ ఉండగూడదు. మీ గుడిసెలు ఎవరి నేలమీద ఉండాయో పల్లెలో అందర్నీ అడిగి తెలుసుకో," అని తట్టును తిప్పాడు.

ఆ మాట ఆయనకంటే ముందే పల్లెకు చేరింది. అత్త అంకాలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి, "ఏందే తల్లీ, కొంపలు పీకించేటట్టుండావు. కొడుకు కాలు పోయె, ఇల్లు గూడా పోవాల్నా?" అని ఏడ్చింది. దానమ్మ ముసలామె పక్కన కూర్చుంది. అలా కూర్చున్నప్పుడు కిందినుంచి ఎద్దుల అరుపు వినిపించింది. కురిసిన వాన లోయలోకి కారిపోయింది, కనుమ దారిలో ఎక్కడా నీళ్ళు నిలవవు. కొండ అవతలికి పోయాక తాగిద్దామని తోలుకొచ్చిన ఎద్దులు నిన్నటినుంచీ కాళ్ళు మార్చి మార్చి నిలబడి ఉన్నాయి.

దానమ్మ లేచి కుండ తీసుకుంది.

"యాడికి?"

"ఎద్దులకు నీళ్ళు పొయ్యాల."

"ఆపిందీ నువ్వే, నీళ్ళు పోసేదీ నువ్వేనా?"

"నేను ఆపింది బండ్లను అత్తా. ఎద్దుల్ని కాదు."

ఆమె చెలమలో కుండ ముంచడం చూసి పక్కింటామె వచ్చింది. తర్వాత ఇంకొకామె. మధ్యాహ్నానికల్లా పల్లెలోని ఆడవాళ్ళందరూ కుండలతో కొండకు రెండు వైపులా దిగుతూ ఎక్కుతూ ఉన్నారు. బండివాళ్ళు తమ ఎద్దులకు తొట్లు అందించారు. ఎద్దులు మూతులు ముంచి ఆగకుండా తాగాయి. మనుషులు మాత్రం ఆ కుండలవైపు చూసి చూపు తిప్పుకున్నారు. వాళ్ళ తిత్తుల్లో నిన్నటి నీళ్ళు అడుగంటాయి. అయినా పల్లె కుండల నీళ్ళు అంటు, వాళ్ళకు పనికిరావు.

కింద మిరపకాయల బండ్ల ఆసామి రాఘవమ్మ. గిద్దలూరు మనిషి, మొగుడు పోయాక బండ్లూ బేరమూ తానే నడుపుకొస్తోంది. తల నెరిసింది గానీ నోరు నెరవలేదని బండివాళ్ళు చాటున అనుకునేవాళ్ళు. ఖాళీ ఇత్తడి చెంబు పక్కన పెట్టుకుని బండినీడలో కూర్చుని ఉంది.

"ఏమ్మే, నువ్వేనా ఆ గుడ్డ పట్టుకుని అరిచేదానివి?" అంది.

"నేనేనమ్మా."

"నిన్న నువ్వు ఆపబట్టి సరిపోయె. లేకుంటే ఆ ఉప్పుబండి నా ఎద్దుల నెత్తిన పడుండు." చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "అట్లని నా మిరపకాయలు ఇక్కడ కుళ్ళబెడతావా?"

"కుళ్ళకుండా చూస్తానమ్మా. మబ్బు పట్టింది, మీ మనుషుల్ని గోతాలు కప్పమను."

రాఘవమ్మ ఆకాశం వంక చూసింది. తన మనుషుల్ని కేకవేసి ఈతచాపలు తీయమంది. గోతాలన్నీ కప్పాక రెండు చాపలు మిగిలాయి. ఆమె పైన దారిపక్క దొర్లించిన ఉప్పుబస్తాలవైపు చెయ్యి చూపించింది. "అవి గూడా కప్పిరాండి. ఎవురి ఉప్పయితేనేం," అంది.

*

మర్నాడు మధ్యాహ్నం ఏబేలూ వెంకటస్వామీ తిరిగివచ్చారు. బండిని కిందే విడిచి నడిచి ఎక్కారు. దానమ్మ గుడిసె ముందు కిత్తనార కొడుతూ ఉంది. మరిది మొహం చూసి చేతిలో కర్ర ఆపింది.

"పానానికి భయం లేదన్నాడు డాక్టరు," అన్నాడు ఏబేలు. తర్వాత, "పాదం తీసేసినారు వదినా, చీలమండ పైకి," అన్నాడు.

దానమ్మ నారను చేతిలోకి తీసుకుంది. పోగులు విడదీసింది, కలిపింది. వెంకటస్వామి తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నా ఎద్దులు బతికినాయి చెల్లెలా. నేనూ బతికినా. ఆ మనిషి..." అని ఆపేశాడు. ఆమె నీళ్ళకుండవైపు చూసి, చూపు మరల్చుకుంది. అది గమనించి వెంకటస్వామి తానే వంగి ముంతతో నీళ్ళు ముంచుకుని గటగటా తాగాడు. అంకాలమ్మ నోరు తెరుచుకుని చూసింది.

దానమ్మ మరిదివైపు తిరిగింది.

"ఏబేలూ, నువ్వు సముద్రంలో దీపం అని చెప్పేవాడివే, పిల్లోళ్ళకు. ఆ దీపం ఎవురిది?"

"ఏ దీపం? శానా దీపాలుండాయి."

"నీ ఓడ చెడిపోతే ఉండిపోయినానన్నావే, ఆ ఊరి కాడ. నూనె మోసినానన్నావు."

"టాంజియరా! అది జిబ్రాల్టరు జలసంధి వదినా. జలసంధంటే ఏంది, నీళ్ళ కనుమ. అటొక ఖండం, ఇటొక ఖండం, నడుమ సందు. లోకంలో ఉండే ఓడల్లో సగం ఆ సందులోనే దూరాల. ఒడ్డునంతా రాళ్ళు. దీపం లేనప్పుడు ఓడలకు ఓడలే పగిలిపోయినాయంట. అప్పుడు కట్టించినారు."

"ఎవురు?"

"ఆ నేల మొరాకో సుల్తానుది. ఆయనే కట్టించినాడు. కట్టించినాక, దాన్ని ఏండ్ల తరబడి నడపాల గదా. నూనె, మనుషులు, మరమ్మత్తు. అదంతా ఆయన మీద ఎయ్యలేదు. ఇంగ్లీషోళ్ళు, ఫ్రెంచోళ్ళు, స్పెయినోళ్ళు, ఇటలీవోళ్ళు, అమెరికావోళ్ళు, ఇంకా ఎవురెవురో కలిసి ఒప్పందం రాసుకున్నారు. దీపం ఖర్చంతా వాళ్ళే సమానంగా పంచుకుంటారు."

"ఆయన నేలమీద ఉండే దీపానికి వాళ్ళెందుకు పెట్టుకోవాల?"

"ఆయనకు ఓడలు లేవు గదా వదినా. పోయే ఓడలన్నీ వాళ్ళవి."

దానమ్మ చేతిలో నార అలాగే ఉండిపోయింది. "ఇంకోసారి చెప్పు," అంది.

"సుల్తానుకు ఓడలు లేవు."

ఆమె లేచి నిలబడింది. కనుమ వైపు చూసింది. వెదురుబొంగుకు అటు కనిగిరి బండ్లు, చాలా దిగువన గిద్దలూరు బండ్లు, సన్నగా పొయ్యిల పొగలు. తర్వాత తిరిగి తన పల్లెను చూసింది. ఏ గుడిసె ముందూ బండి లేదు, కాడి లేదు, ఎద్దును కట్టే గుంజ లేదు.

"మరి ఆ దేశాలోళ్ళకు ఎప్పుడన్నా కొట్లాట వస్తేనో?"

"రాకేం? నేనుండంగనే వచ్చింది గదా యుద్ధం. ఒకడి ఓడలు ఒకడు ముంచుకున్నారు. దీపం మటుకు వెలగతానే ఉండె. కొట్లాట వచ్చినా దీపం జోలికి పోగూడదు, దాని ఖర్చు ఆపగూడదు అని ముందే రాసుకున్నారంట."

వెంకటస్వామి ముంత కింద పెట్టాడు. "అంత పెద్ద రాజ్యాలోళ్ళా?" అన్నాడు నమ్మలేనట్టు. "ఈ దారి గొడవతోనే మావోళ్ళు రాఘవమ్మ బండ్లోళ్ళతో మంచిగా మాట్లాడి మూడేండ్లయింది."

"పోయి మాట్లాడన్నా," అంది దానమ్మ. "నీ ఉప్పు కరగలేదు, చూసినావా? చాపలు ఆమెవే."

*

మాలకొండయ్య చెప్పినట్టే తలారులతో వచ్చాడు. కానీ అప్పటికే కనుమ నెత్తిన హద్దురాయి చుట్టూ జనం ఉన్నారు. కనిగిరివాళ్ళు ఒక పక్క, కొండెక్కి వచ్చిన గిద్దలూరువాళ్ళు ఒక పక్క. పల్లెవాళ్ళు ఎప్పటిలాగే దూరంగా, బండల మీద. అంకాలమ్మ కూడా వచ్చి కోడలి వెనక నిలబడింది.

"బొంగు తీయండి," అన్నాడు మునసబు.

తలారి బొంగు తీసి పక్కన పడేశాడు. దారి తెరుచుకుంది. దానమ్మ అడ్డం పోలేదు. బండివాళ్ళ మొహాలవైపు చూసింది.

"పోండి. ఎవురు ముందు?" అన్నాడు మాలకొండయ్య.

ఎవరూ కదలలేదు. వెంకటస్వామి ముందుకొచ్చాడు. "నా బండి కింద మనిషి కాలు పోయింది మునసబు గారూ. కొత్త మోకు లేకుండా మా బండ్లు దిగవు," అన్నాడు. అతని వెనక కనిగిరివాళ్ళు ఒక్కొక్కరే కాళ్ళ చెప్పులు విడిచి దారిలోనే కూర్చున్నారు.

"మా బండ్లు గూడా ఎక్కవు," అంది రాఘవమ్మ.

మూడేళ్ళలో ఆ రెండు పక్షాలూ ఒక్కమాట మీద ఉండడం అదే మొదలు. అది ఎంతోసేపు నిలవలేదు. మోకు ఎవరు తేవాలన్న మాట రాగానే పాత గొడవ మళ్ళీ లేచింది. చెరిసగమని వెంకటస్వామి, బండ్లు ఎక్కువున్నవాళ్ళు ఎక్కువ పెట్టాలని రాఘవమ్మ. కేకలు పెరిగాయి. మాలకొండయ్య పెదవుల మీద చిరునవ్వు కనిపించింది.

"మాకు బండ్లు లేవు," అంది దానమ్మ.

బండమీది గొంతు అది, వంపు అవతలికి వినబడే గొంతు. అందరూ తిరిగి చూశారు.

"మాకు బండ్లు లేవు. ఈ దారితో మాకు పని లేదు. కొండ దిగాలంటే మేకల దారి చాలు. మా మామ, మా ఇంటాయన, ఇంకా ఎందరో, మావి గాని బండ్లకోసం మోకు పేనినారు, రాళ్ళు మోసినారు, మా ఇంట్లో కూరకు లేని నూనె లాంతర్లో పోసినారు. చేసేది మానుకుంటామని నేననట్లా. చేస్తాం. మాకంటే బాగా ఎవురూ చెయ్యలేరు. చేతులు మావి. ఖర్చు మాత్రం బండ్లున్నోళ్ళది. మోకూ నూనే రెండు పక్కలా చెరిసగం. మా కూలి, కదిలిన బండికి ఇంతని. అప్పుడు బండ్లు ఎక్కువున్నోళ్ళు ఎక్కువే ఇచ్చినట్టు గదా. మీలో మీరు కొట్టుకున్నా ఇది ఆగగూడదు. కొట్టుకునేది కొండ దిగినాక కొట్టుకోండి."

ఎవరో నవ్వారు. రాఘవమ్మ మాత్రం నవ్వలేదు. నేలవైపు చూస్తూ వేళ్ళు మడిచి లెక్క చూసుకుంటోంది. వెంకటస్వామి తనవాళ్ళవైపు చూశాడు. తలలు ఆడాయి.

"కొండ నా ఊరిది," అన్నాడు మాలకొండయ్య. "నా మాట లేకుండా మీరెవురు ఒప్పందాలు చేసుకునేదానికి?"

"కొండ నీదే మునసబూ, కాదన్నదెవురు? బండ్లు మావి, చేతులు వాళ్ళవి. నువ్వొక్కడివే ఈ కొండెక్కి ఏం చేసుకుంటావు?" అంది రాఘవమ్మ.

మాలకొండయ్య మొహం ఎర్రబడింది. గుడిసెలు పీకిస్తే బండ్లను దింపేవాడు ఉండడు. బండ్లు ఆగితే ఆయన ఊరి సంతకు మిరపకాయలు రావు. అది ఆయనకు ఆ క్షణాన్నే తట్టినట్టుంది, కానీ వెనక్కు అడుగు వేసే దారి కనబడలేదు. అప్పుడు ఏబేలు చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. అతని గొంతులో వెటకారం ఏమాత్రం లేదు.

"అయ్యా, నేను చూసిన సముద్రం దీపం కాడ గూడా ఇట్లే జరిగింది. నడిపే ఖర్చు ఓడలోళ్ళది. నేలా కట్టుబడీ మాత్రం ఆ దేశపు సుల్తానుది. ఆయన నేల కాబట్టి ఆయనే రాయి పెట్టించినాడు. ఇప్పటికీ ఓడలోళ్ళు ఆ దీపం కనబడితే ఆయన పేరు చెప్పుకుంటారు."

"సుల్తానా?" అన్నాడు మాలకొండయ్య.

"సుల్తానే అయ్యా."

మునసబు లోయ అంచువైపు నడిచి, కిందికి తొంగి చూశాడు. తలపాగా సర్దుకున్నాడు. "ఈ అంచున గోడుంటే చక్రం జారదు," అన్నాడు. "రాళ్ళకు కొదవ లేదు. కట్టేవాళ్ళకు కూలి నేనిస్తా." తలారి వైపు తిరిగి, "ఏంరా చూస్తాండావు, ఆ బొంగు తీసి ఉన్నచోటే పెట్టు. మోకు రావాల్నా వద్దా?" అని గదమాయించాడు.

*

రాఘవమ్మ మనిషి గిద్దలూరునుంచి కొత్త కొబ్బరినార మోకు తెచ్చాడు. పచ్చటి పీచు వాసన ఇంకా పోలేదు. ఏబేలు దాన్ని పొడుగునా చేత్తో తడిమి చూసి, గుంజకు చుట్టి, వెంకటస్వామినీ అతని మనుషులనూ కొస పట్టుకోమన్నాడు. పట్టడం ఎలాగో నేర్పాలి. అది కూడా ఒప్పందంలో భాగమే. పల్లెలో మనిషి తక్కువైన రోజున బండివాళ్ళు ఒక చెయ్యి వేయాలి.

మొదటి బండి చింతపండుది. అన్నను చూసొచ్చేందుకు అందులో దానమ్మ ఎక్కాలని ఏబేలు అన్నాడు.

"వంపు కాడ ఎవురుంటారు?" అంది.

పల్లెవాళ్ళంతా మోకు దగ్గరా రాళ్ళ దగ్గరా ఉన్నారు. "నేనుంటా," అంది రాఘవమ్మ. "నా బండ్లు ఎట్లాగూ ఎక్కేది చివరికే గదా. ఊరికే కూర్చుని ఏం చేయాల? అరవడం నాకు రాదా ఏంది?"

బండివాళ్ళు నవ్వు దాచుకుంటూ మొహాలు పక్కకు తిప్పుకున్నారు. దానమ్మ ఆమెను బండదగ్గరికి తీసుకుపోయి, ఎక్కడ కాలు పెట్టాలో చూపించింది. ఎర్రగుడ్డ చేతికిచ్చింది. "పైనోళ్ళను చూసినాక కిందోళ్ళను మళ్ళీ చూడాలమ్మా. ఒక్కసారి చూసి అరవగూడదు. చెయ్యి దించితే ఎక్కమన్నట్టు. ఏమరుపాటున గూడా దించొద్దు."

రాఘవమ్మ రెండుసార్లు అరిచి చూసుకుంది. మొదటిది గాలిలో కలిసిపోయింది. రెండోది లోయ అవతలి కొండకు తగిలి తిరిగొచ్చింది. గొంతు ఎండుకుపోయినట్టుంది, దగ్గింది. బండ పక్కన దానమ్మ నీళ్ళముంత ఉంది. రాఘవమ్మ దానివంక చూసింది, పైనున్న జనం వంక చూసింది. ముంత ఎత్తింది. దానమ్మ అప్పుడే బండివైపు నడుస్తోంది. వెనక్కు తిరగలేదు.

బండి కదిలేముందు బండివాడు ఒప్పుకున్న రుసుము ఏబేలు చేతిలో పెట్టాడు. "మీ వదిన ఎక్కిన బండికి గూడానా?" అన్నాడు నవ్వుతూ. ఏబేలు చెయ్యి వెనక్కు తీసుకోబోయాడు.

"తీసుకో," అంది దానమ్మ. "బండి బండే."

ఇన్నేళ్ళలో ఆమె ఆ దారిలో బండెక్కి దిగడం అదే మొదటిసారి. చింతపండు బుట్టల నడుమ కూర్చుని బండి అంచు గుంజలు రెండుచేతులా పట్టుకుంది. లోయ ఇంత లోతుగా ఉంటుందని బండమీదినుంచి ఎప్పుడూ అనిపించలేదు. ప్రతి కుదుపుకూ దూకి చక్రానికి రాయి అడ్డం పెట్టాలని కాళ్ళు లాగాయి. కానీ వెనకనుంచి మోకు గట్టిగా, మెల్లగా పట్టి ఉంది. ఎవరో తన నడుం చుట్టూ చేతులు వేసి పట్టుకున్నట్టు. ఒకచోట మోకు కాస్త వదులయింది. వెంటనే ఏబేలు గొంతు, దాని మీద వెంకటస్వామి గొంతు వినిపించాయి. మళ్ళీ బిగిసింది. వంపు తిరుగుతున్నప్పుడు తలెత్తి చూసింది. రాఘవమ్మ చీర చెంగు నడుముకు దోపి, గుడ్డ చాచి, బొమ్మలా నిలబడి ఉంది. దానమ్మను చూడను కూడా చూడలేదు. చూపు కిందిబండ్ల మీదే ఉంది.

గిద్దలూరు ఆసుపత్రి వరండాలో విశ్వాసం మంచం మీద ఉన్నాడు. దుప్పటి ఒకచోట ఎత్తుగా, ఇంకోచోట చదునుగా ఉంది. చిక్కిపోయాడు. దానమ్మ దుప్పటి వంక చూడకుండా మొగుడి మొహమే చూస్తూ మంచం పట్టె మీద కూర్చుంది. ఆమెను చూసిన సంతోషం కంటే ముందు అతని కళ్ళలో భయం కనబడింది.

"నువ్వొచ్చినావా? మరి వంపు కాడ ఎవురు?"

"రాఘవమ్మ."

"ఏ రాఘవమ్మ?"

"మిరపకాయల రాఘవమ్మే."

విశ్వాసం ఆమె మొహంలోకి చూశాడు. తనను ఊరడించడానికి అబద్ధం చెబుతోందనుకున్నాడు. "మోకు పట్టింది?"

"నీ తమ్ముడు. ఉప్పు వెంకటస్వామి, వాళ్ళ మనుషులు. మునసబు అంచున గోడ కట్టిస్తాండాడు."

"గుడ్డ పట్టుకుని... ఆమె అరిచిందా?"

"దిగే బండీ అని. అవతలి కొండ పలికింది."

అతని పెదవుల కొసలు వణికాయి. ఏడుస్తాడేమో అనుకుంది దానమ్మ. కానీ అతనికి నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి. నొప్పికి మొహం చిట్లించాడు, మళ్ళీ నవ్వాడు. పక్క మంచాల మీదివాళ్ళు లేచి చూశారు. నవ్వుతూనే చేతిని చాచి ఆమె చేతిని వెతుక్కున్నాడు. మోకు ఒరుసుకుని కాయలుకాసిన చెయ్యి అది. ఆ చేతిని పట్టుకుని, పొద్దు వాలేదాకా, జరిగినదంతా మొదటినుంచీ చెప్పించుకున్నాడు.